ఒకే హోస్టింగ్ ఖాతాలో నాలుగైదు వెబ్‌సైట్లు: సీప్యానెల్‌లో ఎలా పెట్టుకోవాలి

పచ్చళ్ల వ్యాపారానికి ఒక సైటు, చెల్లెలి సంగీతం పాఠాలకు ఒకటి, ఊరి బడి పూర్వ విద్యార్థులకు ఇంకొకటి. మూడింటికీ మూడు హోస్టింగులు కొనక్కర్లేదు. రోజుకు వందో రెండొందలో మంది చూసే సైట్లయితే ఒకే షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరును చాలామంది పంచుకునేది) ఖాతాలో ఇబ్బంది లేకుండా సర్దుకుంటాయి. కొత్త డొమైన్ చేర్చడం ఐదు నిమిషాల పని. కానీ తర్వాత పడే తిప్పలు చాలావరకు ఆ ఐదు నిమిషాల్లో తొందరపడి కొట్టిన టిక్కుల వల్లే వస్తాయి. అందుకే ఒక్కో టిక్కు దగ్గరా కాస్త ఆగి చెప్పుకుందాం.

ముందుగా లోపల జరిగేది తెలియాలి. మీరు బ్రౌజరులో పేరు కొట్టగానే రెండు పనులు జరుగుతాయి. ఆ పేరు ఏ సర్వరుదో డీఎన్‌ఎస్ చెబుతుంది. సర్వరు దగ్గరికి వెళ్లాక, అడిగిన పేరును బట్టి ఏ ఫోల్డరు తెరవాలో అది తన పట్టికలో చూసుకుంటుంది. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచి బ్రౌజరు ప్రతిసారీ డొమైన్ పేరును కూడా పంపడం తప్పనిసరి అయింది కాబట్టే ఒకే ఐపీ (సర్వరు అంకెల చిరునామా) మీద వందల సైట్లు నడుస్తున్నాయి. ఏ చిక్కొచ్చినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పేరు సర్వరుకు చేరడం లేదా, సర్వరుకు చేరి తప్పు ఫోల్డరుకు పోతోందా? సగం వెతుకులాట అక్కడే తగ్గుతుంది.

ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ప్రధాన డొమైన్‌ను మొదటి.కామ్ అని, ఇప్పుడు చేర్చేదాన్ని రెండో.కామ్ అని అనుకుందాం.

చేర్చే ముందు

సీప్యానెల్, అంటే హోస్టింగ్ ఖాతాను నడిపే పేజీ, తెరిస్తే పక్కన స్టాటిస్టిక్స్ అనే పట్టీ ఉంటుంది. అందులో యాడాన్ డొమైన్స్ (ప్రధాన డొమైన్ కాక చేర్చుకునేవి) ఎదురుగా మీ ప్లాను ఎన్నింటిని ఒప్పుకుంటుందో కనిపిస్తుంది. అక్కడ అన్‌లిమిటెడ్ అని ఉన్నా సంబరపడకండి. డొమైన్ల లెక్కకు హద్దు లేకపోవచ్చు గానీ ఫైళ్ల సంఖ్యకు, ప్రాసెసర్ వాడకానికి హద్దు ఉంటుంది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

ఇంకా హోస్టింగ్ కొనలేదా? అయితే ప్రధాన డొమైన్‌గా ఏది పెట్టాలో ఇప్పుడే ఆలోచించుకోండి. తర్వాత చేర్చిన డొమైన్లను మీరే తీసేసుకోవచ్చు. ప్రధాన డొమైన్‌ను మాత్రం మీరు మార్చలేరు, హోస్టింగ్ వాళ్లను అడగాల్సిందే. రేపు అమ్మేసే పేరునో, వేరేవాళ్లకు అప్పగించే పేరునో అక్కడ పెట్టకండి. కలకాలం మీ దగ్గరే ఉండే పేరే అక్కడ ఉండాలి.

డొమైన్‌ను సర్వరు వైపు తిప్పడం

దీనికి రెండు దారులున్నాయి. డొమైన్ కొత్తది, దాని మీద మెయిల్ లాంటివేమీ నడవడం లేదు అంటే, డొమైన్ కొన్నచోట నేమ్‌సర్వర్లను (డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) మీ హోస్టింగ్ ఇచ్చిన రెండు పేర్లకు మార్చేయండి. పాత డొమైన్, దాని మీద ఇప్పటికే మెయిల్ నడుస్తోంది అంటే నేమ్‌సర్వర్లను ముట్టుకోకుండా ‘ఏ’ (ఇంగ్లిష్ A) అనే రికార్డు ఒక్కటే మార్చండి, పేరుకు సర్వరు ఐపీని చూపేది అదే. నేమ్‌సర్వర్లు మార్చారంటే పాతచోట ఉన్న ఎమ్‌ఎక్స్ (మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పేది), టెక్స్ట్ రికార్డులన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేస్తాయి. మెయిళ్లు రావడం లేదని మర్నాడెప్పుడో తెలుస్తుంది. మార్చక తప్పదనుకుంటే పాత రికార్డులన్నిటినీ ముందే కొత్తచోట రాసి ఉంచండి.

‘ఏ’ రికార్డులో పెట్టాల్సిన ఐపీ, సీప్యానెల్ పక్క పట్టీలో షేర్డ్ ఐపీ అడ్రస్ అన్నచోట ఉంటుంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుకు కూడా రికార్డు ఉండాలి, మర్చిపోకండి. ఇక్కడే చాలామంది కంట పడనిది ఇంకొకటుంది: పాత హోస్టింగ్ నాటి క్వాడ్ ఏ రికార్డు, అంటే ఐపీవీ6 చిరునామా. అది మిగిలిపోతే ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో కొత్త సైటు వస్తుంది, జియో ఫోనులో పాత సైటే వస్తుంది, ఎందుకంటే జియో నెట్‌వర్క్ ఐపీవీ6 మీద నడుస్తుంది. మీ హోస్టింగ్ ఐపీవీ6 చిరునామా ఇవ్వకపోతే ఆ రికార్డును తీసేయండి.

సీప్యానెల్ డీఎన్‌ఎస్‌లో రికార్డులు మామూలుగా 14400 సెకన్లు, అంటే 4 గంటలు పాతవాటినే గుర్తుపెట్టుకునేలా ఉంటాయి. నడుస్తున్న సైటును మారుస్తుంటే ఒకరోజు ముందే ఆ అంకెను 300కు తగ్గించండి. నేమ్‌సర్వర్ల మార్పు అయితే డాట్ కామ్ డొమైన్లకు 48 గంటల దాకా పట్టొచ్చు. అది మీ చేతిలో లేదు.

అంతవరకు ఆగలేకపోతే మీ కంప్యూటరు ఒక్కదానికే ముందుగా దారి చూపించొచ్చు. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ లోపల ఉన్న హోస్ట్స్ ఫైలు చివర 203.0.113.25 రెండో.కామ్ అని ఒక వరుస రాయండి. ఆ అంకెల బదులు మీ సర్వరు ఐపీ పెట్టాలి. పని అయ్యాక ఆ వరుసను తీసేయడం మరవొద్దు. ఉంచేస్తే ఆర్నెల్ల తర్వాత సర్వరు మార్చినప్పుడు మీకు మాత్రమే సైటు రాదు, కారణం ఎంతకీ అంతుపట్టదు.

డొమైన్ చేర్చడం

1. సీప్యానెల్‌లో డొమైన్స్ పేజీ తెరిచి క్రియేట్ ఎ న్యూ డొమైన్ నొక్కండి.
2. పేరు రాయండి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా. డాట్ భారత్ లాంటి తెలుగు అక్షరాల డొమైన్ అయితే ఎక్స్‌ఎన్ అనే రెండక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే రూపం ఒకటుంటుంది. దాన్ని ఇస్తే ఎక్కడా పేచీ రాదు.
3. షేర్ డాక్యుమెంట్ రూట్ అన్న పెట్టెలో టిక్కు తీసేయండి. ఆ టిక్కు సాధారణంగా ముందే పెట్టి ఉంటుంది.
4. డాక్యుమెంట్ రూట్ (ఆ సైటు ఫైళ్లుండే ఫోల్డరు) గడిలో ఫోల్డరు పేరు సరిచూసి సబ్మిట్ నొక్కండి.

మూడో మెట్టు దగ్గరే ఎక్కువమంది జారతారు. టిక్కు అలాగే ఉంచితే రెండో.కామ్ అనేది మొదటి.కామ్‌కు మారుపేరు అవుతుంది. రెండు పేర్లూ ఒకే సైటును చూపిస్తాయి. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ కొనుక్కుని రెండింటికీ ఒకే సైటు చాలనుకునేవాళ్లకు అదే కావాలి. వేరే సైటు పెట్టాలనుకుంటే టిక్కు ఉండకూడదు. పొరపాటున ఉంచేశారా, ఇంకేమీ మొదలుపెట్టకముందే డొమైన్‌ను తీసేసి మళ్లీ చేర్చండి. కొన్నాళ్లు నడిచాక తీస్తే దాని డీఎన్‌ఎస్ జోన్ (రికార్డుల పట్టిక) కూడా చెరిగిపోతుంది, మీరు చేత్తో రాసుకున్న మెయిల్ రికార్డులు దాంతోపాటే పోతాయి.

ఈ డొమైన్ మా సర్వరు వైపు తిరిగి లేదు అంటూ సీప్యానెల్ ఒప్పుకోకపోతే, ముందు నేమ్‌సర్వర్లు మార్చి కొన్ని గంటలాగి ప్రయత్నించండి. ఇంకొకరి డొమైన్‌ను ఎవరూ చేర్చుకోకుండా కొన్ని సంస్థలు పెట్టుకున్న కట్టడి అది. ఇప్పటికే ఉంది అని వస్తే, అదే సర్వరులో వేరే ఖాతాలో ఆ పేరు మిగిలి ఉన్నట్టు. దాన్ని హోస్టింగ్ వాళ్లే తీయాలి.

ఫోల్డరు ఎక్కడుండాలి

పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డరు ప్రధాన డొమైన్‌ది. రెండో.కామ్ ఫోల్డరును దాని లోపల పెట్టకండి. పక్కన, హోమ్ ఫోల్డరులో నేరుగా పెట్టండి. కొత్త సీప్యానెల్ చాలాచోట్ల తానే అలా సూచిస్తుంది. లోపలే పెట్టాలని మీ హోస్టింగ్ పట్టుబడితే మాత్రం కింద చెప్పే జాగ్రత్తలు తీసుకోండి.

లోపల పెడితే రెండో సైటుకు రెండు అదనపు చిరునామాలు పుడతాయి: రెండో.మొదటి.కామ్, మొదటి.కామ్/రెండో.కామ్. మొదటిది సీప్యానెల్ తనంతట తాను తయారుచేసే సబ్‌డొమైన్, ఫోల్డరు బయట పెట్టినా అది ఉండొచ్చు. రెండోది లోపల పెట్టినందుకే వస్తుంది. గూగుల్ ఏ చిరునామాను పట్టుకుంటుందో చెప్పలేం. రిడైరెక్ట్స్ పేజీలో ఆ సబ్‌డొమైన్‌ను అసలు డొమైన్‌కు శాశ్వతంగా, అంటే 301తో మళ్లించేయండి.

అంతకంటే పెద్ద చిక్కు డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలుతో వస్తుంది. ఆ ఫైలులోని ఆదేశాలు ఆ ఫోల్డరుతో ఆగవు, లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తిస్తాయి. మొదటి.కామ్ కోసం రాసిన దారిమళ్లింపు రెండో.కామ్‌ను కూడా ఎత్తుకుపోతుంది. రెండో సైటు తెరిస్తే మొదటి సైటు వస్తోందని వెతికేవాళ్లు డీఎన్‌ఎస్‌ను తిట్టుకుంటారు గానీ, తప్పు తరచుగా పైఫోల్డరులోని ఆ ఫైలుది.

ఇప్పుడు రెండో.కామ్‌ను బ్రౌజరులో తెరవండి. ఇండెక్స్ ఆఫ్ అని పైన, సీజీఐ-బిన్ అనే ఒక్క ఫోల్డరు కింద కనిపిస్తే, లేదా 403 (చూసే అనుమతి లేదు) అని వస్తే, సంతోషించండి. పేరు సరైన ఫోల్డరుకు చేరింది, అది ఖాళీగా ఉంది, అంతే. నిర్ధారణ కోసం ఫైల్ మేనేజరులో 1.హెచ్‌టీఎంఎల్ అనే ఫైలు పెట్టి అందులో రెండో సైటు అని రాసి తెరిచి చూడండి. ఈ అరనిమిషం పరీక్ష ఇప్పుడే చేస్తే వర్డ్‌ప్రెస్ ఎక్కించాక గంటలు వృథా కావు.

సర్టిఫికెట్టు

సైటు హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకోవడానికి సర్టిఫికెట్టు కావాలి. డొమైన్ సర్వరుకు చేరాకే అది పుడుతుంది. ఎస్‌ఎస్‌ఎల్ టీఎల్‌ఎస్ స్టేటస్ పేజీలో రెండో.కామ్‌ను, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరును ఎంచుకుని రన్ ఆటోఎస్‌ఎస్‌ఎల్ నొక్కండి. సర్టిఫికెట్టు ఇచ్చే సంస్థ మీ ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెట్టించి, బయటి నుంచి దాన్ని చదివి చూస్తుంది. డొమైన్ ఇంకా పాతచోటే ఉంటే, లేదా ఏదైనా దారిమళ్లింపు ఆ ఫైలుకు అడ్డుపడితే పని జరగదు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఒక్కదానికే రాలేదంటే దాని డీఎన్‌ఎస్ రికార్డు రాయలేదని అర్థం.

ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల గడువు ఇంతవరకు 90 రోజులుగా ఉంటూ వచ్చింది, గడువులోపు ఆటోఎస్‌ఎస్‌ఎల్ తానే మార్చుకుంటుంది. మొదటిసారి వచ్చింది కదా అని వదిలేస్తే, మధ్యలో మీరు పెట్టిన దారిమళ్లింపు వల్ల రెండోసారి రాకపోవచ్చు. సర్టిఫికెట్టు వచ్చాకే డొమైన్స్ పేజీలో ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ మీట నొక్కండి. ఈ మీట ప్రతి డొమైన్‌కూ విడిగా ఉంటుంది.

వర్డ్‌ప్రెస్ ఎక్కించడం

వర్డ్‌ప్రెస్‌ను తానే ఎక్కించిపెట్టే సాఫ్టాక్యులస్ లాంటిది వాడితే రెండు గడులు చూసుకోండి. డొమైన్ ఎంచుకునేచోట మొదట ప్రధాన డొమైనే కనిపించొచ్చు, రెండో.కామ్‌కు మార్చండి. ఇన్ డైరెక్టరీ గడిని ఖాళీగా వదలండి. మీరే జిప్ ఎక్కించి విప్పితే ఫైళ్లన్నీ వర్డ్‌ప్రెస్ అనే లోపలి ఫోల్డరులో పడతాయి. వాటిని ఒక మెట్టు పైకి జరపండి.

ప్రతి సైటుకూ వేరే డేటాబేసు, వేరే డేటాబేసు యూజరు, వేరే పాస్‌వర్డు. టేబుళ్ల పేర్ల ముందు అక్షరాలు మార్చి ఒకే డేటాబేసులో మూడు సైట్లు ఇరికించడం కుదురుతుంది, కానీ చేయకండి. రేపు ఒక్క సైటును వేరేచోటికి పంపాలన్నా, ఒక్కదాని బ్యాకప్‌ను తిరిగి ఎక్కించాలన్నా దారాలు విడదీయలేక అవస్థ పడతారు.

వేగం కోసం రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్ (సైటు సమాచారాన్ని మెమరీలో దాచుకునేది) వాడేవాళ్లు ఇది తప్పక చూడండి. రెండు సైట్లూ ఒకే రెడిస్‌ను ఒకే గుర్తుతో వాడితే ఒక సైటు దాచుకున్న సెట్టింగులను రెండోది ఎత్తుకుంటుంది. పచ్చళ్ల సైటు తెరిస్తే పైన సంగీతం సైటు పేరు కనిపించడం, లాగిన్ అవుతుంటే వేరే డొమైన్‌కు పోవడం, ఇలాంటి వింతలు మొదలవుతాయి. హ్యాక్ అయిందని కంగారు పడతాం. క్యాష్ ప్లగిన్‌లో ఒక్కో సైటుకు వేరే ప్రిఫిక్స్ గానీ, వేరే డేటాబేసు నంబరు గానీ ఇచ్చి, క్యాష్ ఖాళీ చేస్తే కుదుటపడుతుంది.

మెయిల్

రెండో.కామ్ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో జోహోలోనో ఉందనుకోండి. బయటివాళ్లు పంపిన మెయిళ్లు చక్కగా వస్తుంటాయి. సైటులోని సంప్రదించండి ఫారం నింపితే మాత్రం ఏదీ రాదు, ఎర్రరూ చూపించదు. కారణం ఇది: డొమైన్ చేర్చగానే దాని మెయిల్ కూడా తన దగ్గరే ఉందని సర్వరు అనుకోవచ్చు. ఫారం నుంచి వచ్చిన మెయిల్‌ను బయటికి పంపకుండా తనలోనే ఏదో పెట్టెలో వేసేస్తుంది, లేదా అలాంటి పెట్టె లేదని వదిలేస్తుంది. సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్ తెరిచి, రెండో.కామ్‌ను ఎంచుకుని, రిమోట్ మెయిల్ ఎక్స్‌చేంజర్ పెట్టండి. మెయిల్ కూడా ఇదే హోస్టింగ్‌లో ఉంటే లోకల్ అని ఉండాలి.

తర్వాత ఈమెయిల్ డెలివరబిలిటీ పేజీలో ప్రతి డొమైన్‌నూ విడివిడిగా చూడండి. మొదటి డొమైన్‌కు ఉన్న ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపే రికార్డులు) రెండోదానికి పనికిరావు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. గూగుల్‌కు ఒకటి, హోస్టింగ్‌కు ఒకటి అని రెండు రాస్తే రెండూ చెల్లవు, ఇద్దరినీ ఒకే వరుసలో చేర్చాలి. ఇక ఫారంలో పంపినవారి చిరునామాగా ఆ సైటు సొంత డొమైన్‌ది పెట్టండి, ఫారం నింపినవారి చిరునామా రిప్లై టులో ఉండనివ్వండి. వాళ్ల జీమెయిల్ చిరునామాతో మీ సర్వరు మెయిల్ పంపితే అది స్పామ్‌లో పడుతుంది.

క్లౌడ్‌ఫ్లేర్ వాడుతూ మెయిల్ ఇక్కడే ఉంచుకుంటే, మెయిల్ అనే పేరు రికార్డుకు నారింజ మేఘం (రాకపోకలు క్లౌడ్‌ఫ్లేర్ గుండా పోతున్నాయనే గుర్తు) ఆపి బూడిద రంగులో ఉంచండి. నారింజ మేఘం వెబ్‌సైటుకే పనిచేస్తుంది, మెయిల్ దాని గుండా రాదు.

అందరికీ ఒకటే కోటా

ఎన్ని సైట్లున్నా ఖాతా ఒకటే, దానికిచ్చిన వాటా ఒకటే. క్లౌడ్‌లైనక్స్ ఉన్న సర్వర్లలో మామూలు కొలతలు ఇలా ఉంటాయి: ఒక ప్రాసెసర్ కోరు, 1 జీబీ మెమరీ, ఒకేసారి 20 ఎంట్రీ ప్రాసెస్‌లు (ఒకేసారి నడిచే పేజీ పనులు). మీ ప్లానులో ఇవి మారొచ్చు, రిసోర్స్ యూసేజ్ పేజీలో చూసుకోండి. సంగీతం సైటు లాగిన్ పేజీ మీద బాట్లు ఆగకుండా పడ్డాయంటే ఆ 20 నిండిపోయి పచ్చళ్ల సైటు కూడా 508 ఎర్రరు చూపిస్తుంది. ఎర్రరు కనిపించిన సైటే దోషి అనుకోవద్దు. మెట్రిక్స్‌లోని రా యాక్సెస్ లాగులు డొమైన్‌వారీగా దించుకుని, ఏ సైటు లాగు ఉబ్బిందో చూడండి.

వర్డ్‌ప్రెస్ క్రాన్ (నిర్ణీత సమయాలకు తానే పనులు చేసుకునే ఏర్పాటు) కూడా ఇదే వాటా తింటుంది. దాన్ని ప్రతి సైటు డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో ఆపేసి, సీప్యానెల్ క్రాన్ జాబ్స్‌లో నిమిషాలు కలవకుండా పెట్టండి: ఒకదానికి 5,35 * * * *, ఇంకోదానికి 20,50 * * * *. అన్నీ గంట కొట్టగానే ఒక్కసారి లేచే బాధ తప్పుతుంది.

ఫైళ్ల లెక్క, అంటే ఐనోడ్లు, నెమ్మదిగా మీద పడే హద్దు. ఫోనుతో తీసిన 4000 పిక్సెళ్ల ఫొటో ఒకటి ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ అసలుది దాచుకుని, 2560కు తగ్గించిన ప్రతి ఒకటి, ఇంకా చిన్నవి ఆరు తయారుచేస్తుంది. మొత్తం 8 ఫైళ్లు. వెయ్యి ఫొటోలకు 8000. థీము సొంత సైజులు పెట్టుకుంటే ఇంకా పెరుగుతాయి. మెయిల్ పెట్టెల్లో ఒక్కో మెయిలూ ఒక ఫైలే. డిస్కు సగం కూడా నిండకుండానే ఫైళ్లు ఎక్కించనివ్వడం లేదంటే కారణం ఇదే కావొచ్చు.

ఒక సైటులో దొంగ పడితే

ఈ ఏర్పాటులో నిజమైన ప్రమాదం ఇది. ఫోల్డర్లు వేరైనా అన్నిటికీ సర్వరులో యూజరు ఒక్కరే. ఇంట్లో గదులు వేరు, వీధి గుమ్మం ఒకటే. పాత ప్లగిన్ ద్వారా ఒక సైటులోకి వచ్చిన కోడు పక్క ఫోల్డర్లలోని ఇండెక్స్ ఫైళ్లను మార్చగలదు, వాటి కాన్ఫిగ్ ఫైళ్లు చదివి డేటాబేసు పాస్‌వర్డులు తీసుకోగలదు. డేటాబేసులు విడిగా పెట్టుకోమన్నది సర్దుబాటు కోసం, ఈ దొంగను అది ఆపలేదు.

అందుకే ఓల్డ్, టెస్ట్, బ్యాకప్ అనే పేర్లతో వదిలేసిన పాత సైట్లను ఖాతాలో ఉంచకండి. ఎవరూ అప్‌డేట్ చేయని ఆ ఫోల్డరే దొంగకు దొడ్డిదారి. ఒకవేళ సోకితే, కనిపించిన సైటొక్కటే కడిగితే కొన్ని గంటల్లో పక్క సైటు నుంచి మళ్లీ అంటుకుంటుంది. అన్ని సైట్లనూ ఒకేసారి ఆపి శుభ్రం చేయండి. సీప్యానెల్, ఎఫ్‌టీపీ, డేటాబేసు, వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డులన్నీ మార్చండి. కాన్ఫిగ్ ఫైళ్లలోని సాల్ట్ కీలు (లాగిన్‌లను కాపాడే రహస్య అక్షరాలు) మార్చండి. క్రాన్ జాబ్స్ పేజీలో మీరు పెట్టనిది ఏదైనా ఉందేమో చూడండి, చాలామంది ఆ పేజీని తెరవనే తెరవరు.

బ్యాకప్ కూడా సైటువారీగా తీసుకోండి: ఆ ఫోల్డరు జిప్, ఆ డేటాబేసు ఎగుమతి, రెండింటికీ ఒకే తేదీతో పేరు. మొత్తం ఖాతా బ్యాకప్ ఒక్కటే ఉంటే, పాడైన ఒక్క సైటు కోసం దాన్ని వెనక్కి ఎక్కించినప్పుడు బాగున్న సైట్లలో ఈ వారం రాసిందంతా పోతుంది.

కలపకూడనివి

ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే దుకాణాన్ని ఈ ఉమ్మడి ఖాతాలో పెట్టకండి. క్లయింట్ల సైట్లు కూడా వద్దు. వాళ్లు రేపు ఖాతా మాకు ఇచ్చేయండి అంటే అందులో మీ సైట్లు, ఇంకొకరి మెయిళ్లు కూడా ఉంటాయి, ఇవ్వలేరు. వాళ్లకోసం రీసెల్లర్ ఖాతా తీసుకుని ఒక్కొక్కరికి వేరే సీప్యానెల్ ఇవ్వండి. 2019 నుంచి సీప్యానెల్ సంస్థ ఖాతాల సంఖ్యను బట్టి లైసెన్సు రుసుము వేస్తోంది కాబట్టి దీనికి ఖర్చు కొంత ఎక్కువే, ఆ ఖర్చు క్లయింటు బిల్లులో వేయాల్సిందే.

ఇప్పటికే కలిపి పెట్టి ఉంటే ఒక్కదాన్ని విడదీసే వరుస ఇది. ఫోల్డరు, డేటాబేసు, మెయిళ్లు కొత్త ఖాతాకు ఎక్కించండి. హోస్ట్స్ ఫైలు పద్ధతిలో మీ కంప్యూటరులో తెరిచి పేజీలు, ఫారాలు అన్నీ చూడండి. ‘ఏ’ రికార్డు మార్చండి. రెండు మూడు రోజులు రెండుచోట్లా ఉంచి, పాతచోట పడిన మెయిళ్లుంటే తెచ్చుకోండి. డొమైన్‌ను పాత ఖాతా నుంచి తీసేయడం అన్నిటికన్నా చివర. దాని నేమ్‌సర్వర్లు ఇంకా పాతచోటే ఉంటే ఆ తీసివేతతో డీఎన్‌ఎస్ కూడా పోతుంది కాబట్టి, ముందు వాటిని కొత్తచోటికి మార్చి, 48 గంటలు ఆగి, అప్పుడు తీయండి.